మేమే ఆగాం

భృతి ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. సరుకుల దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో ఒకదాంట్లో నిలబడి ఉన్నాను. జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఏది కొనాలన్నా ఆ గుండ్రాలు ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. సంచితో ఇంటికి వచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది.

"వాళ్ళు ఫోన్ చేశారే. మా అమ్మాయి లేదు, తర్వాత చెయ్యండి అనలేదు. నేనే మాట్లాడేశాను."

"ఏం అడిగారు?"

"పేరు, పుట్టిన తేదీ, ఏం పని, ఎక్కడ చేశావు. అన్నిటికీ టకటకా చెప్పాను. చివర్లో, 'మిమ్మల్ని తీసేశారా, మీరే మానేశారా' అన్నాడు. తీసెయ్యడమేంటి బాబూ, మేమే ఆగాం అన్నాను."

సంచి నా చేతిలోనే ఉండిపోయింది.

"దానికేమన్నాడు?"

"థాంక్స్ అమ్మా, రాసుకున్నాను అన్నాడు. మంచి కుర్రాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో. ఏం, అలా చూస్తావేం? తప్పేమన్నా చెప్పానా?"

తప్పు చెప్పలేదు. అదే కదా గొడవంతా.

మా అమ్మ హోటళ్ళ బట్టలు ఉతికే లాండ్రీలో పని చేసేది. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, బల్లల మీద పరిచే తెల్లగుడ్డలు. ఉతికి పిండిన దుప్పట్లని కాగిన రోలరులోంచి పంపి ఇస్త్రీ చేస్తారు. ఇటు ఇద్దరు తడి దుప్పటి అంచులు బిగబట్టి రోలరుకి అందిస్తే, అటు ఇద్దరు పొగలు కక్కుతూ వచ్చినదాన్ని పట్టుకుని మడత పెడతారు. అందించే వైపు అమ్మా, మా మేడ మీదే ఎదురు గదిలో ఉండే ఆవిరత్తా. ఆ గదిలో ఆవిరికి మనుషులే సరిగా కనపడరు గానీ, ఆవిడ గొంతు మాత్రం రోలరు మోతని మించి వినపడుతుంది. అందుకే ఆ పేరు. అమ్మా ఆవిడా ఒకే దుప్పటికి చెరో కొస పట్టుకుని జీవితంలో సగం గడిపారు.

ఆ లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. హోటళ్ళు ఖాళీగా ఉండే నెలల్లో పని తగ్గిపోతుంది. అప్పుడు ఓనరు ఎవరినీ రావద్దని అనడు. అనాల్సిన అవసరం ఆయనకి రానివ్వరు. రోలరు దగ్గర అందరికన్నా పాతవాళ్ళు ముందుగా ఆయన గదిలోకి వెళ్ళి "మేం కొన్నాళ్ళు ఆగుతాం" అని చెప్పి వచ్చేస్తారు. ఉన్న కాస్త పనీ చంటిపిల్లల తల్లులకీ కొత్తగా చేరినవాళ్ళకీ మిగులుతుంది. మళ్ళీ పని పెరగ్గానే, ముందు ఆగినవాళ్ళని ముందు పిలుస్తారు. పెద్ద ఓనరు కాలం నుంచీ ఇదే వరస. దీనికి కాగితం లేదు, సంతకం లేదు. ఆగడం వాళ్ళకి పరువు. తీసెయ్యడమంటే దొంగల్ని తీసెయ్యడం. ఎప్పుడో ఒకామె చీర కింద తువ్వాళ్ళు చుట్టుకుని పోతూ పట్టుబడితే ఆవిణ్ణి తీసేశారు. మా అమ్మకి తెలిసిన తీసెయ్యడం అదొక్కటే.

జబ్బు వచ్చి హోటళ్ళకి తాళాలు పడ్డప్పుడు కూడా అమ్మ అలవాటు ప్రకారమే చేసింది. ఆవిరత్తని వెంటబెట్టుకుని గదిలోకి వెళ్ళి, చిన్నబాబు నోరు తెరిచేలోపే చెప్పేసింది. చిన్నబాబంటే పెద్ద ఓనరు కొడుకు. ఇప్పుడతనే ఓనరు. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి ఉతికిన దుప్పట్ల ట్రాలీలో పడి నిద్రపోయేవాడు. నిద్ర లేపి ముఖం కడిగి పంపేది మా అమ్మే. ఇప్పటికీ పిన్నీ అనే పిలుస్తాడు. ఆ రోజు కూడా "పిన్నీ, నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో" అని చేతులు పట్టుకున్నాడట. అమ్మ అది నాకు చెప్తూ మురిసిపోయింది.

జబ్బు వల్ల పని పోయినవాళ్ళకి సర్కారు భృతి ఇస్తుందని తెలిసి అమ్మకీ ఆవిరత్తకీ దరఖాస్తులు నేనే పెట్టాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. కాగితాలన్నీ నావే. నేను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ కూడా మూసేశారు. అక్కడ జీతం చేతికి ఇచ్చేవాళ్ళు కనక నేను అసలు పని చేసినట్టే ఎక్కడా లేదు. నాకు భృతి ప్రశ్నే లేదు. అమ్మకి ఉంది. నాన్న పోయిన దగ్గర్నుంచి ఇల్లు అమ్మ రెక్కల మీదే నడుస్తోంది. ఇప్పుడు ఆ రెక్కలకి పని లేదు.

ఫోను తర్వాత కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు ఇష్టపూర్వకంగా ఉద్యోగం వదులుకున్నందున భృతికి అనర్హురాలు.

"ఇష్టపూర్వకంగానా?" అంది అమ్మ. "ఎవరికే ఇష్టం?"

ఎదురు గది తలుపు తెరుచుకుంది. ఆవిరత్త తన ఉత్తరం పట్టుకుని వచ్చింది.

"ఏమే డిగ్రీ, ఇది కాస్త చదివి పెట్టు. మంచి మాటలుంటే గట్టిగా చదువు, లేకపోతే మెల్లిగా చదువు."

చదవాల్సిన పని లేకపోయింది. పేరు తప్ప అక్షరం తేడా లేదు.

"ఓహో, ఇద్దరం ఒకే తప్పు చేశామన్నమాట" అంది. "ఏం వదినా, జంటగా వెళ్ళి చెప్పాం, జంటగానే వాత పెట్టారు."

అమ్మ నవ్వలేదు. అమ్మకి ఆయాసం. ఏళ్ళ తరబడి పీల్చిన బ్లీచింగు వాసన ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఈ జబ్బు గానీ సోకిందంటే తట్టుకోలేవు, గుంపుల్లోకి పోవద్దు అని డాక్టరు ముందే చెప్పాడు. నా భయమంతా అదే. ఎందుకంటే ఆసుపత్రి దుప్పట్లు ఉతకడానికి ఆడవాళ్ళు కావాలని ఊరంతా మాట అప్పటికే పాకింది. జబ్బు వార్డుల దుప్పట్లు. ఎవరూ రావడం లేదు కనక ఎవరొచ్చినా పెట్టుకుంటున్నారు.

"పై నెల అద్దె కట్టేలోపు ఏ సంగతీ తేలకపోతే నేను అటే పోతాను" అంది అమ్మ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "దుప్పటి దుప్పటే కదా. హోటలుదైతేనేం, ఆసుపత్రిదైతేనేం."

అమ్మ ఊరికే అనదు. అన్నదంటే పోతుంది.

ఆ వారంలోనే లాండ్రీకి వెళ్ళాను. నాకు కావలసింది ఒక్క వాక్యం. హోటళ్ళు మూతపడి పని లేక ఈమెని ఆపాం అని చిన్నబాబు రాసిస్తే చాలు.

గాజు తలుపు మీద పెద్ద స్టిక్కరు అంటించి ఉంది. రెండు చేతులు కలుపుకున్న బొమ్మ. కింద: "కష్టకాలంలోనూ మా కార్మికులందరినీ పనిలోనే ఉంచుకున్నాం." ఆ కింద సర్కారు ముద్ర. పనివాళ్ళని తీసెయ్యకుండా జీతాలిస్తున్న ఓనర్లకి సర్కారు సాయం చేస్తోందని నేను పేపర్లో చదివాను. అక్కడ నిలబడి ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. అందరినీ. పనిలోనే.

చిన్నబాబు గదిలో ఏసీ చల్లగా ఉంది. అత్తరు వాసన, దాని మీద శానిటైజర్ వాసన.

"రా అమ్మా, రా. పిన్ని ఎలా ఉంది? ఆయాసం తగ్గిందా? కూర్చో." నేను కుర్చీ జరుపుకున్నాను. వెంటనే సీసా తీసి నేను ముట్టుకున్న చోట చుక్చుక్‌మని కొట్టి కాగితంతో తుడిచాడు. "ఏమనుకోకు. మీ కోసమే."

ఉత్తరం చూపించి, కావలసింది చెప్పాను.

"పిన్నిని నేను తీసేశానని రాయాలా? నా చేత్తోనా?" కుడిచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. "ఈ చెయ్యి పడిపోదూ?"

"తీసేశానని రాయక్కర్లేదండీ. పని లేక ఆపానని రాయండి. జరిగింది అదే కదా."

"నేనెక్కడాపాను తల్లీ? ఆవిడే వచ్చి చెప్పింది. నేను కూర్చునే ఉన్నాను, ఇదే కుర్చీలో. సర్కారుకి అబద్ధం రాయమంటావా? చదువుకున్నదానివి."

"మీరు చెప్పకముందే వాళ్ళు చెప్పడం ఇక్కడి పద్ధతి కదండీ."

"మంచిదే కదా మరి. ఎంత మంచి మనుషులు!" అన్నాడు. కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఏడుపు అంత సులువుగా వచ్చే మగవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఉత్తరం మడిచి లేచాను.

బయటికి వస్తుంటే కాళ్ళ కింద నేల అదిరింది. నాకు ఆ అదురు తెలుసు. రోలరు తిరుగుతోంది. పని లేదన్నచోట రోలరెందుకు తిరుగుతోంది? పక్క సందులోంచి వెనక్కి వెళ్ళాను.

వెనక షెడ్డు ముందు ఆసుపత్రి పసుపు సంచులు గుట్టగా పడి ఉన్నాయి. కొన్నిటికి మూతులు ఊడిపోయాయి. ఎండలో వాటి మీద ఈగలు. మలం, మందు, చీము కలిసిన వాసన మాస్కులోంచి కూడా వచ్చి గొంతులో కూర్చుంది. ఒక దుప్పటి అంచు బయటికి వేలాడుతోంది. దాని మీద గోధుమరంగు మరక అట్టకట్టి ఉంది. షెడ్డులోంచి ఒకావిడ వచ్చి ఆ సంచిని బిడ్డనెత్తినట్టు రెండు చేతులా ఎత్తుకుంది. ముక్కుకి చీరకొంగు బిగించి కట్టుకుంది. చూడగానే పోల్చుకున్నాను.

"అత్తా!"

ఆవిరత్త సంచి దించింది. ముందు ఉలిక్కిపడింది, తర్వాత నవ్వింది.

"అయ్యో డిగ్రీ, ఇక్కడెక్కడ తగలడ్డావే? దూరంగా నిలబడు. మీ అమ్మకి చెప్పకు."

"ఎప్పట్నుంచి చేస్తున్నావు?"

"ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రమే వచ్చి అడిగాను. సర్కారు నన్ను ఇష్టపూర్వకంగా గాల్లోకి వదిలేసింది కదా. మరి తినాలా వద్దా? ఏ రోజు కూలి ఆ రోజు చేతికిస్తాడు. సంతకం లేదు, హాజరు లేదు. ఎవరన్నా వస్తే గోడ పక్కన కూర్చోమంటాడు, చూట్టానికి వచ్చిన చుట్టాల్లాగా."

"గ్లోవ్స్ ఇచ్చాడా?"

"ఇచ్చాడు. చిల్లులున్నాయి." చెయ్యి చూపించింది. చూపుడువేలు బయటికి పొడుచుకొచ్చి ఉంది, తడికి నానిపోయి తెల్లగా. "చిల్లుల్లేని గ్లోవ్సు ఇచ్చేచోట నన్నెందుకు పెట్టుకుంటారే? నిన్నో దుప్పట్లో పళ్ళ సెట్టు దొరికింది. పైవరస మొత్తం. మనిషి ఉన్నాడో పోయాడో. కడిగి తీసుకెళ్ళి ఇస్తే, ఎక్కడ పెట్టుకోమంటావు, పారెయ్ అన్నాడు చిన్నబాబు. సీసా తీసి చేతులకి కొట్టుకున్నాడు. నా చేతులక్కాదు, వాడి చేతులకే."

లోపల్నుంచి ఎవరో కేకేశారు. ఆవిడ సంచి ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను రోడ్డు మీదికి వచ్చి, మాస్కు దించి, గోడవారన వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చి ఇద్దరి పేరా అప్పీలు రాయబోయాను. ఆవిరత్త వద్దంది. "ఇప్పుడు పనేమన్నా చేస్తున్నావా అని అడుగుతారు కదా. ఏం చెప్పను?" అంది. అమ్మ పేరు మీదే రాశాను. లాండ్రీ పద్ధతి ఏమిటో, ఆగడమంటే ఏమిటో నాకు చేతనైనంత వివరంగా రాశాను. ఫోనులో విచారణ జరుగుతుందని తేదీ ఇచ్చారు. ఓనరుకి కూడా కబురు వెళ్ళింది.

కబురు అందినట్టు మాకు వెంటనే తెలిసింది. చిన్నబాబు పళ్ళ సంచి పట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. మాస్కు గడ్డం కింద ఉంది. గడప దాటలేదు.

"పిన్నీ, నా మీద కేసు పెట్టావటగా?"

అమ్మ బెదిరిపోయింది. "కేసేంటి బాబూ, అలాంటిదేం కాదు. ఇదేదో అమ్మాయి..."

"నువ్వలాంటిదానివి కాదని నాకు తెలుసు. చదువుకున్న పిల్లలకి తొందరెక్కువ." నా వైపు చూసి నవ్వాడు. "చూడు పిన్నీ, నేను అందర్నీ పనిలోనే ఉంచుకున్నానని రాసిచ్చి సాయం తెచ్చుకున్నాను. ఎవరి కోసం? లాండ్రీ బతికితే కదా మీరు బతికేది. ఇప్పుడు నువ్వు పని పోయిందంటే ఆ కాగితం, ఈ కాగితం తగులుకుంటాయి. నేను జైలుకి పోవాలి. నీకు ఇష్టమేనా?"

"రామరామ! అవేం మాటలు?"

"అప్పీలు వెనక్కి తీసుకో. వెనక కాస్త పని నడుస్తోంది. నీ రోలరు నీకిస్తాను. రేపట్నుంచే రా."

"అది జబ్బు వార్డుల దుప్పట్ల పని అమ్మా" అన్నాను.

"వేడినీళ్ళలో పడ్డాక జబ్బేముంటుంది? పిన్నికి తెలీదా?" అన్నాడు చిన్నబాబు. పళ్ళు గడప మీద పెట్టి, కాలితో కాస్త లోపలికి జరిపాడు. "ఆలోచించుకో పిన్నీ. నీ చేతుల్లో పెరిగినవాణ్ణి."

అతను మెట్లు దిగాక ఇంట్లో మాటలన్నీ ఒకేసారి వచ్చాయి.

"వాడు ఇబ్బందిలో పడతానంటున్నాడే."

"నీ ఇబ్బందేంటో అడిగాడా?"

"చిన్నప్పట్నుంచి చూసినవాడు. నాలుగు మాటలు వెనక్కి తీసుకుంటే పోయేదేముంది?"

"నీ ఊపిరి పోతుంది. నీకు రావలసిన జీతం పేరు చెప్పి సర్కారు సాయం అతను తీసుకుంటున్నాడమ్మా. నువ్వు పనిలోనే ఉన్నట్టు అక్కడ చెప్పి, నువ్వే మానేశావని ఇక్కడ చెప్తున్నాడు. ఒకే మనిషివి రెండు చోట్లా ఎలా ఉంటావు?"

"నాకు అర్థం కాకేం కాదు" అంది అమ్మ గట్టిగా. ఆయాసంతో కాసేపు ఆగింది. "సరే, ఫోనులో మాట్లాడతాను. కానీ అబద్ధం చెప్పను. ఏం జరిగిందో అదే చెప్తాను."

"అబద్ధం వద్దు. 'నన్ను తీసేశారు' అను చాలు. వాళ్ళకి అర్థమయ్యే మాట అదొక్కటే. ఏదీ, ఒక్కసారి అను."

"నన్ను..." అంది. నోరు మూసుకుంది. "నేనేం తువ్వాళ్ళు దొంగిలించానే?"

నేను అప్పటికి ఊరుకున్నాను. కానీ వదల్లేదు. అన్నం తినేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, తల దువ్వుకునేటప్పుడు, "అమ్మా, ఏమంటావు?" అని అడిగేదాన్ని. ఆవిడ ముఖం తిప్పుకునేది. ఒకసారి నన్ను శాంతపరచడానికి గోడ వైపు తిరిగి ఆ మాట గొణిగింది. అన్నాక కళ్ళు తుడుచుకుంది. ట్యుటోరియల్లో పిల్లల చేత పాఠం వల్లె వేయించినట్టు, కన్నతల్లి చేత ఈ మాట వల్లె వేయిస్తున్నాను. ఆ ఆఫీసు మీద, చిన్నబాబు మీద, నా మీద కూడా అసహ్యం వేసింది.

విచారణ రోజు ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాను. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే నిటారుగా కూర్చుంది. అధికారి ఒకావిడ. ఆవిడా ఇంట్లోంచే పని చేస్తున్నట్టుంది, వెనక పసిపిల్ల ఏడుపు వినపడుతోంది. అవతల చిన్నబాబు లైన్లోకి వచ్చి "నమస్కారం మేడమ్, పిన్నీ బాగున్నావా" అన్నాడు.

"అప్పీల్లో ఒక పద్ధతి గురించి రాశారు" అంది అధికారి. "పని తగ్గినప్పుడు పాతవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు, పని పెరిగాక యజమాని వాళ్ళనే ముందు పిలుస్తాడు అని. యజమానిగారూ, మీ సంస్థలో ఈ పద్ధతి ఉందా?"

"అలాంటిదేం లేదు మేడమ్. నేనెప్పుడూ విననే లేదు. వీళ్ళు మధ్య మధ్యలో ఇష్టం వచ్చినట్టు మానేస్తుంటారు. మళ్ళీ వచ్చి బతిమాలుకుంటారు. పాతవాళ్ళు కదా అని నేనే దయతలచి చేర్చుకుంటుంటాను."

అమ్మ ఫోను మీదికి వంగింది.

"ఏమన్నావు బాబూ?"

"మీరు నేరుగా మాట్లాడుకోకూడదమ్మా" అంది అధికారి.

"అయితే ఇంకోసారి చెప్పమనండి. రోలరు దగ్గర పని చేసి చేసి నాకు చెవులు మందం. సరిగ్గా వినపడలేదు."

వినపడింది. అమ్మ ముఖం చూస్తే తెలుస్తోంది. అధికారి అడిగితే చిన్నబాబు మొత్తం మళ్ళీ చెప్పాడు. తడబడకుండా చెప్పాడు. ఈసారి బతిమాలుకుంటారు అన్న మాట ఇంకాస్త సాగదీశాడు.

అమ్మ రెండు చేతులూ బల్ల మీద పరిచి పెట్టింది. దుప్పటి అందించే ముందు అంచు సరిచేసుకున్నట్టు బల్ల అంచుని పట్టుకుంది.

"మీ నాన్న ఉన్నప్పుడు ఆగాను" అంది. "ఆయన పోయిన ఏడు, నీకు అప్పులతో ఊపిరాడ్డం లేదంటే ఆగాను. నీ పెళ్ళికి ఖర్చులున్నాయంటే, పని నిండుగా ఉన్నా ఆగాను. ప్రతిసారీ నువ్వే పిలిచావు. ఒక్కసారన్నా బతిమాలానా బాబూ?"

"అమ్మా, నేను అడిగినదానికి..." అంటోంది అధికారి.

"రాసుకోండమ్మా" అంది అమ్మ. గొంతు చిన్నగానే ఉంది, వణకలేదు. "నన్ను తీసేశారు. ఎప్పుడో కాదు, ఇప్పుడే. మీరు వింటుండగానే తీసేశాడు."

పసిపిల్ల ఏడుపు మధ్యే అధికారి అడిగింది.

"యజమానిగారూ, ఈవిడకి ఈరోజున మీ దగ్గర ఉద్యోగం ఉందా?"

"ఉందంటే... మేడమ్, అదీ..."

"ఉందా, లేదా?"

"లేదు మేడమ్."

"సరే. తొలగించిన తేదీ ఈరోజని రాసుకోమంటారా?"

నేను ఆగలేకపోయాను. "ఈరోజెందుకండీ? పని పోయింది హోటళ్ళు మూసిన రోజు. పైగా ఆయన అందరూ పనిలో ఉన్నారని చెప్పి సర్కారు సాయం తీసుకుంటున్నాడు. వెనక షెడ్డులో ఆసుపత్రి దుప్పట్లు..."

"ఆ సాయం చూసే విభాగం వేరు. ఫిర్యాదు ఉంటే వాళ్ళకి రాసుకోండి" అంది అధికారి. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "ఈ విచారణ ఆవిడ ఎందుకు ఆగారన్నదాని గురించే. ఇంకేమైనా ఉందా? సరే, ఉంటాను." పెట్టేసింది.

అమ్మ లేచి పంపు దగ్గరికి వెళ్ళింది. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పోసుకుంది. మళ్ళీ ఉమ్మింది. తినకూడనిదేదో తిన్నట్టు చాలాసేపు అదే పని చేసింది.

ఫోను టింగుమంది. చిన్నబాబే. ఏమనుకోకు పిన్నీ, లాయరు ఎలా చెప్పమంటే అలా చెప్పాను, నీ స్థానం నీదే అని రాసి, కింద దండం పెట్టే బొమ్మలు వరసగా పెట్టాడు.

"ఏంటి?" అంది అమ్మ.

"దండాలు పెట్టాడు."

"చెరిపెయ్. నీ చేతులు కూడా కడుక్కో."

ఉత్తర్వు వచ్చింది. భృతి ఇస్తారట. విచారణ జరిగిన తేదీ నుంచి. అంతకు ముందు కాలంలో దరఖాస్తుదారు స్వచ్ఛందంగానే పనికి దూరంగా ఉన్నందున ఆ కాలానికి వర్తించదట. మేం తిన్నా తినకపోయినా గడిపిన ఆ రోజులన్నీ మా అమ్మ ఇష్టపడి గడిపినవే అని అచ్చులో ఉంది. ఇంత నీచమైన మాటని ఇంత శుభ్రమైన కాగితం మీద నేనెప్పుడూ చదవలేదు. అమ్మ మాత్రం ఉత్తర్వుని మడత పెట్టి, అద్దె ఇవ్వడానికి దారి దొరికిందని ఇంటివాళ్ళకి చెప్పి వచ్చింది. ఆసుపత్రి దుప్పట్ల మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు కావలసింది అదే, దొరికింది. దొరికినా సంతోషం రాలేదు.

ఆ సాయంత్రం ఆవిరత్త షెడ్డు నుంచి వచ్చి, లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుంది. చేతివేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోతోంది. అమ్మకి సంగతి తెలిసిపోయి చాలా రోజులైంది. కొబ్బరినూనె గిన్నె ఆవిడ ముందుకి జరిపింది.

"ఏమే డిగ్రీ, మీ అమ్మ చేత చెప్పించిన మాట నాకూ నేర్పవే. నేనింకా గట్టిగా చెప్తాను. ఆఫీసు కప్పు లేచిపోవాలి."

"నువ్వు ఇప్పుడు చేస్తున్నావు కదత్తా. అడుగుతారు."

"ఎక్కడ చేస్తున్నాను? ఏ కాగితంలో ఉన్నాను? స్టిక్కరు ప్రకారం పనిలో ఉన్నాను, నా ఉత్తరం ప్రకారం మానేశాను, షెడ్డు ప్రకారం చుట్టపు చూపుగా వచ్చాను." నూనె రాసుకుంటూ నవ్వింది. నవ్వు దగ్గయింది. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"దుమ్ము" అంది ఆవిరత్త.

సాయం చూసే విభాగానికి రాయాల్సిన ఫిర్యాదు నా దగ్గర సగంలో ఆగిపోయి ఉంది. ఆ సంగతి చెప్పాను. "రాస్తే తనిఖీకి వస్తారు. షెడ్డు మూయిస్తారు. నీ కూలి పోతుంది. అందుకే పంపలేదు."

ఆవిరత్త గిన్నె పక్కన పెట్టింది. కళ్ళలో నీళ్ళు ఇంకా ఉన్నాయి, దగ్గువో మరి దేనివో.

"అందుకే పంపు" అంది. "అప్పుడన్నా నన్ను తీసేస్తాడు."